‘మ’ వరుసలో మనిషి

"పారేయడానికొచ్చిన మేడమ్ మీరేనా?"

వెనకనుంచి మాట వినపడేసరికి ఆమె ఉలిక్కిపడి తిరిగి చూసింది. తలుపు కిర్రుమనలేదు, అడుగుల చప్పుడూ లేదు. చక్రం తిప్పితే జరిగే ఇనుప ర్యాకుల మధ్య బక్కపల్చటి యువకుడొకడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పారేయడానికి కాదు. ఏ కాగితం ఎక్కడుండాలో, ఎన్నాళ్ళుండాలో, ఎప్పుడు పోవాలో ఒక పద్ధతి పెట్టడానికి."

"ఎలాగైనా పోవాలనేగా!" అని నవ్వాడు. ఆ సెల్లార్‌లోని రికార్డు రూముకి అతనే కీపరట.

కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. మూడు వారాలు ఇద్దరూ ఫైలు ఫైలుకీ తగువులాడుకున్నారు. అతను మాట్లాడుతూ మాట్లాడుతూనే ర్యాకుల మధ్యకి వెళ్ళి మాయమయ్యేవాడు, మళ్ళీ చడీచప్పుడూ లేకుండా పక్కనే తేలేవాడు. పై అంతస్తుల్లో ఎన్నడూ కనిపించలేదు. ఆమె మనసులో అతనికి ‘నీడగారు’ అని పేరు పెట్టుకుంది. పొద్దున్నే లేచి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించడం కూడా మొదలుపెట్టింది, అదీ పురుగులూ దుమ్మూ తప్ప చూసే దిక్కులేని గదికి.

ఆమె పద్ధతి తేలికైనది. ఉద్యోగుల ఫైళ్ళకి అక్షరాలు: పనిలో ఉన్నవాళ్ళకి ‘ప’, విరమించినవాళ్ళకి ‘వి’, మరణించినవాళ్ళకి ‘మ’. ‘మ’ వరుసలో కవరు మీది తేదీకి అయిదేళ్ళు దాటితే ముక్కలు చేసే మిషన్‌కే. కీపర్ని అడిగితే ప్రతి ఫైలుకీ ఒక కథ చెబుతాడని, ఆదివారం బయటి మనుషుల్ని పెట్టి, అక్షరం లేని కవర్లకి వేయించి, ముందే ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి, ఆ అక్షరాల ప్రకారం సర్దించేసింది.

మంగళవారం నాలుగింటికి పాత ఫైళ్ళు పట్టుకుపోయే వ్యాను రావాలి. మూడింటికి జాబితా సరిచూద్దామని ఆమె కిందికి దిగింది. బయట వాన. గోడలు చెమ్మగిల్లి, ట్యూబులైటు కొట్టుకుంటోంది.

‘మ’ వరుసలోంచి ఒక ఫైలు తీసింది. కవరు మీద ఎర్రసిరాతో ‘మ’. లోపల మొదటి పేజీలో ఫొటో.

నీడగారు. అదే పాపిడి, ఎడమ కంటి కింద అదే పుట్టుమచ్చ.

ఆమె ఇంటర్‌కమ్ అందుకుని సూపరింటెండెంటుకి చేసింది. "సార్, ఇక్కడి రికార్డు కీపరు..."

"అయ్యో, మీకెవరూ చెప్పలేదా అమ్మా? ఎప్పుడో పోయాడుగా పాపం! ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే..."

లైను తెగింది. లైటూ పోయింది. చీకట్లో ఎక్కడో ర్యాకు చక్రం తిరిగిన చప్పుడు, గర్రుమని.

"ఎవరి ఫైలు మేడమ్ అది?"

చెవి పక్కనే వినిపించింది. ఆమెకి భయం వేసిందా అంటే వేసింది. కానీ భయాన్ని మించి ఏడుపొచ్చింది.

"మీరు... ఎప్పుడు పోయారు?"

"ఎక్కడికి?"

"వెటకారాలొద్దు! దెయ్యమైతే దెయ్యమే, నాకేం ఫర్వాలేదు. ఇలాగే ఉండండి. మాయమైపోకండి, అంతే!"

చీకట్లో జేబు తడుముకున్న చప్పుడు. తర్వాత అతని సెల్‌ఫోను లైటు వెలిగింది. ఆ వెలుగులో మొహం పాలిపోయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"మేడమ్, పొద్దున్నించీ ఏమీ తినలేదు, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. దెయ్యానికి ఆకలేస్తుందా? పోయింది మా నాన్న. ఆయన కుర్చీ నాకిచ్చి ఆరేళ్ళయినా, కీపరంటే పైవాళ్ళకి ఇంకా ఆయనే."

"మరి చప్పుడు లేకుండా..."

"నేలంతా చెమ్మ. చెప్పులేసుకుంటే జర్రున జారతాను."

"మరి ఈ ‘మ’?"

"మరమ్మతు! కుట్టు ఊడిన ఫైలు కనిపిస్తే నాన్న ఎర్రసిరాతో ‘మ’ వేసేవాడు. నేనూ అంతే. ఎందుకలా చూస్తున్నారు?"

ఆమె ఆ వెలుగులోనే పక్క ఫైలు లాగింది. ఇందాక ఫోనులో మాట్లాడిన సూపరింటెండెంటు. ఇంకోటి, పొద్దున తలుపు తీసిన లిఫ్టు మనిషి. ఇంకోటి, టెలిఫోను అమ్మాయి. బతికున్నవాళ్ళంతా వరుసగా చచ్చి కూర్చున్నారు, ఆమె పెట్టిన పద్ధతిలో.

పైన వ్యాను హారను మోగింది.

"ఆపండి," అంది అతనితో. "ఇవాళ ఒక్క కాగితం కదలదు. తప్పు నాది, మిమ్మల్ని అడగకపోవడం నాది. పైవాళ్ళకి నేనే రాసిస్తాను."

అతను మెట్ల మీద పరిగెత్తాడు. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. కరెంటు వచ్చాక, జీతాల జాబితాతో పోల్చుకుంటూ, ఆమె చదువుతుంటే అతను తీశాడు. బతికున్నవాళ్ళు మొత్తం అరవై ఒక్కమంది.

ఆఖరున అతని ఫైలు మిగిలింది. అతను కుట్టు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. దారం కొత్తది, జిగురు ఇంకా తడిగా ఉంది.

"ఇది నేను కుట్టలేదు మేడమ్."

"మరెవరు?"

"ఎడమనుంచి కుడికి కుట్టు, నాది కుడినుంచి ఎడమకి. నాన్నది ఎడంచేతి వాటం." అతను జేబులోని తాళాలగుత్తి తడుముకున్నాడు. "ఆదివారం మీరు తిరిగిచ్చాక ఈ గది తాళాలు నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేవు."

ఇద్దరూ మూలనున్న ఖాళీ కుర్చీ వైపు చూశారు. ఎందుకో ఆమెకి భయం వేయలేదు. కొంగు సర్దుకుని, పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు నిలబడింది.

‘మ’లోకి వెళ్ళిన ఫైలు వెనక్కి రావాలంటే ‘జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం’ కావాలి. అదీ ఆమె పెట్టిన నియమమే. అరవై రాసేసింది. అరవై ఒకటోది ముందు పెట్టుకుంది. కళ్ళారా చూశారా? చూశాను. ధ్రువీకరించే వ్యక్తితో సంబంధం?

కలం ఆగింది.

"మిగతా అరవైకీ ఏం రాశారు?" అతను వంగి చూశాడు.

"సహోద్యోగి."

"మరి నాకూ అదే రాయండి."

"రాయను."

"సంబంధం అంటే పెద్దవాళ్ళు మాట్లాడాలి మేడమ్," అన్నాడతను, చెవులు ఎర్రబడగా. "రేపు సాయంత్రం మా అమ్మని మీ ఇంటికి పంపించనా?"

మూల కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ అటు తిరగలేదు.

ఆమె తల వంచుకుని, సంబంధం ఎదురుగా ఉన్న గడిలో ‘ఖాయం’ అని రాసి సంతకం పెట్టింది.