కోటు బరువు

"మిగిలిన మందు ఏం చేశావు?" భర్త మళ్లీ అడిగాడు.

కోడలు క్లినిక్ బ్యాగు పక్కన పెట్టింది. మామగారి కీళ్ల జబ్బుకి నెలనెలా సెలైన్‌లో ఎక్కించే మందుని ఇన్సూరెన్సు వాళ్లు పొద్దున్నే ఆపేశారు. మనిషి బరువుని బట్టి ఇంతే మోతాదని వాళ్లకో హద్దుంది. కంటి ఆస్పత్రిలో యాభై రెండు కిలోలున్న మనిషి, అదే వారం క్లినిక్‌లో యాభై ఆరు ఎలా తూగాడు? తేలేదాకా మందు లేదు. ఆయన్ని తూచిన నర్సుకి డ్యూటీ లేదు. ఆ నర్సు కోడలే.

"బరువు ఎక్కువ రాసి, మిగిలింది అమ్ముకునేవాళ్లు ఉన్నారట."

"ఎవరన్నారు?"

"లోకం."

"ఆ లోకం తమరేనా?"

కుట్టుమిషను దగ్గర అత్తగారు తలెత్తలేదు. కొడుకు గొంతు లేస్తే ముందు కసిరేది ఆవిడే. ఇవాళ పంటి కింద దారం పెట్టుకుని కూర్చుంది. ఈవిడకీ నామీదే అనుమానమా అనుకుంది కోడలు. భర్త మాటకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మామయ్యా, క్లినిక్‌కి వచ్చినట్టే తయారై మనింటి కాటా ఎక్కండి," అంది కోడలు.

"అయితే కోటుండాలి. ఆ ఏసీ గదికి కోటు లేకుండా మీ అత్తయ్య పంపదు."

కొక్కెం మీంచి తీసిన కోటు ఆమె చేతిని కిందికి లాగేసింది. అంచు తడిమింది. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా పెట్టే ఇనప బిళ్లలు, లైనింగు లోపల వరసగా. మామగారే కదా అని ఏనాడూ కోటు విప్పమనలేదు తను.

"బరువుగా ఉందేమిటంటే, మంచి గుడ్డ అలాగే ఉంటుందంది," గొణిగాడాయన.

"ఎవరు కుట్టారిది?" అన్నాడు భర్త.

ఆ సన్నటి కుట్టు ఎవరిదో కోడలికి తెలుసు. కోటు గుండెకి హత్తుకుని నిలబడింది.

మిషను ఆగింది.

"బరువుని బట్టే మందని నువ్వేగా చెప్పావు అమ్మాయ్. ఈయన చిక్కిపోయాడు, మందు తగ్గించారు. అప్పట్నించీ చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. కాటా మీద బరువు పెరిగితే మందూ పెరిగి చేతులు తిరిగొస్తాయనుకున్నాను. నీ మెడకి చుట్టుకుంటుందనుకోలేదు." కళ్లు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "క్లినిక్‌కి ఫోను కలపరా. ముందు దాని చెయ్యి పట్టుకుని తప్పయిందని చెప్పు."

అతను రెండూ చేశాడు, తల దించుకునే.

అవతల ఎవరో హలో అన్నారు.

"నేను మీ నర్సు అత్తగారిని. మీరు వెతికే దొంగ నా కోడలు కాదు బాబూ," అందావిడ. "ఈ ఇంటి టైలరు. నేనే."