దగ్గరున్న నకలు

ఆత్రేయకు కంప్యూటర్ పని ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే అంత ధైర్యం వచ్చేది కాదు. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో సగం మిషన్లు అతను బాగుచేసినవి, మిగతా సగం అతనే పాడుచేసి బాగుచేసినవి. రెండో రకమే బాగా నడుస్తున్నాయని తనే చెప్పుకుని నవ్వేవాడు.

తొంభై ఎనిమిది వానాకాలంలో అతని నెత్తిన పెద్ద పనే పడింది. క్యాంపస్ మొత్తానికీ ఇంటర్నెట్ లైను ఒక్కటే, అదీ దారప్పోగంత సన్నది. పొద్దున్నే అందరూ అదే పేపరు, అదే క్రికెట్ స్కోరు తెరిచేవాళ్ళు. పేజీ అడిగి, క్యాంటీన్‌కి పోయి చాయ్ తాగి వచ్చినా పేజీ తల మాత్రమే దిగి ఉండేది. మధ్యలో ఒక మిషన్ పెట్టి, మొదటివాడు అడిగిన పేజీకి నకలు అందులో దాచేస్తే, తర్వాత అడిగినవాళ్ళకి ఆ నకలే ఇవ్వచ్చు. అసలుదాని దాకా పోనక్కర్లేదు. దాన్ని క్యాష్ సర్వర్ అంటారు. మూలనపడ్డ పాత పెంటియం కంప్యూటర్ ఒకటి దుమ్ము దులిపి, మొదటి వాన పడ్డ రోజే దాన్ని నడిపించాడు ఆత్రేయ. అప్పట్నించీ అతను తార్నాకలో ఇంటికి చేరేసరికి అన్నం చల్లారిపోయేది.

మొదట్లో భార్య విజయశ్రీ పోట్లాడింది. రామంతాపూర్లో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతానంది. ఈమధ్య ఏమీ అనడం లేదు. అర్థం చేసుకుందనుకున్నాడు. ఆత్రేయకు మిషన్ల సంగతి కొంత తెలుసు. మిగతావన్నీ ఇలా అనుకోవడమే.

అయినా లోపల గుబులుగానే ఉండేది. ఆమె మాట్లాడకపోవడం పోట్లాటకన్నా బరువుగా ఉంది. ఈ సాయంత్రంతో పని ముగించి, ఇక రోజూ దీపాలు పెట్టే వేళకే ఇంట్లో ఉంటానని చెప్పాలనుకున్నాడు.

ఒక్క సవరణే మిగిలింది. నకలు ఇచ్చే ముందు మిషన్ ప్రతిసారీ అసలుదాన్ని పలకరించి, ‘నువ్వేమైనా మారావా?’ అని అడిగి వస్తోంది. ఆ అడగడానికే సగం టైము పోతోంది. ఆత్రేయ ఆ అడగడం తీసేశాడు. ఇక అడగొద్దు, ఉన్నదే ఇచ్చెయ్. తర్వాత బయటి లైను వైరు లాగేసి, నిన్నటి పేపరు అడిగాడు. రెప్పపాటులో తెర నిండా వచ్చింది.

ఆపరేటర్ పరశురాం వెనకనుంచి చూసి తల ఊపాడు. “వైర్ పీకినా నడుస్తున్నది గద సార్. ఇగ అసల్దానితోని పనేమున్నది?”

“అదేగా కావాల్సింది.”

“అయితే మీతోని గూడ పని లేదు. ఇంటికి వోండ్రి, మేడం ఖుష్ అయితది.” గొడుగు తీసుకుని మెట్టుగూడ బస్సు కోసం వెళ్ళిపోయాడు.

అతనటు వెళ్ళగానే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ మీద ఆ ఒక్క మిషనే గుర్రుమంటోంది. ఏసీ చల్లదనం, తడిసిన గోడల వాసన. బయట వాన.

ఆత్రేయ చీకట్లో తడిమి ఫోనందుకున్నాడు. ఇంట్లో ఫోన్ లేదు. కింద వాటాలో ఓనరు ప్రమీలమ్మ గారి ఫోన్‌కి చేసి పిలిపించుకోవాలి.

“ఆంటీ, ఆత్రేయని. తొందరగా వస్తున్నానని విజయకి చెప్తారా?”

అవతల ప్రమీలమ్మ విసుక్కుంది.

“పరాచికాలా? ఆత్రేయ గిప్పుడే పైకి పోయిండు. చేతిల మల్లెపూల పొట్లం గూడ ఉన్నది.”

“ఆంటీ... నేనే ఆత్రేయని.”

ఆమె గొంతు తగ్గించింది. “పెట్టెయ్ బాబూ.”

పెట్టేసింది ఆమే.

దొంగవెధవ ఎవడో అనుకుని స్కూటర్ తీశాడు. క్యాంపస్ రోడ్డు మీద ఒక్క దీపం లేదు. తార్నాక చౌరస్తాలో కొట్లవాళ్ళు కొవ్వొత్తులు వెలిగించుకున్నారు. దొంగ అయితే ఆంటీ గుర్తుపట్టదా? ఆ ఆలోచన వచ్చాక స్కూటర్ ఇంకా వేగంగా పోనిచ్చాడు.

మెట్ల మీద మల్లెల వాసన. ఇంకో నాలుగు మెట్లెక్కాక, దాని కింద నుంచి మరో వాసన. ఏసీ చల్లదనం... తడిసిన గోడలు...

తలుపు తట్టాడు. గొలుసు తీయకుండానే బెత్తెడు తెరుచుకుంది. సందులో విజయశ్రీ ముఖం. జడలో పూలు.

“మెల్లగా,” అంది.

ఆమె భుజం మీదుగా చూశాడు. దీపం ముందు పీట మీద ఎవరో భోంచేస్తున్నారు. వీపు ఇటు ఉంది. గోధుమరంగు గళ్ళ చొక్కా. కిందటేడు స్టీలు సామాన్లమ్మేవాడికి పాతబట్టల్లో వేసేసిన చొక్కా అది.

“ఎవరది విజయా?”

“మీరే.”

“నేనిక్కడున్నాను.”

“పెళ్ళైన కొత్తలో మీరు.” ఆమె గొంతులో వణుకు లేదు. “చీకటి పడక ముందే వస్తారు. ఊరికే కూర్చుని కబుర్లు చెప్తారు.”

“భయం... భయం వెయ్యలేదా?”

“మొదటి రోజు వేసింది.”

“ఎప్పట్నించి?”

“వానలు మొదలైనప్పట్నించి. మీ స్కూటర్ చప్పుడు వినగానే లేచి వెళ్ళిపోయేవారు. ఇవాళ వెళ్ళనన్నారు.”

ఆత్రేయకు అప్పుడర్థమైంది. మొదటి వాన రోజే మిషన్ నడిపించాడు; అసలుదాన్ని అడగొద్దని దానికి ఇవాళే చెప్పాడు.

“అదంతా ఆ మిషనే. వెళ్ళి ఆపేస్తాను. వీడు పోతాడు. రేపట్నించి నేను...”

“ఎందుకండీ?” అంది.

అంత నెమ్మదిగా అడిగింది. అన్నం కొంచెం వడ్డించనా అన్నట్టు.

లోపల్నుంచి అతని గొంతే పిలిచింది. “ఎవరు విజయా?”

విజయశ్రీ అతని కళ్ళలోకే చూస్తూ జవాబిచ్చింది.

“ఎవరూ లేరండీ.”

తలుపు మూసుకుంది. గడియ పడింది.

కింద ప్రమీలమ్మ లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం తిప్పుకుంది.

“ఆంటీ, మీరైనా చెప్పండి.”

“మాకు ఎరుకనే బాబూ. గా పిల్ల నవ్వుతున్నది. నవ్వేటిదాన్ని మేమెందుకు ఏడిపియ్యాలె?”

తడుస్తూనే క్యాంపస్‌కి తిరిగొచ్చాడు. మిషన్ అలాగే గుర్రుమంటోంది. బటన్ నొక్కాడు. అది చాలదని ప్లగ్గు కూడా పీకేశాడు. ఫ్యాను మెల్లగా... మెల్లగా ఆగింది.

ఇంత నిశ్శబ్దం ఆ గదిలో ఎప్పుడూ వినలేదు.

ఫోన్ మోగింది.

“ఆపేశారా?” కింద వాటా ఫోన్ నుంచి విజయశ్రీ.

“ఆపేశాను. పోయాడా?”

“లేదండీ. పక్కనే ఉన్నారు.”

అవతల వాన చప్పుడు. ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

“మరి ఫోనెందుకు చేశావు?”

“మీరింకా ఉన్నారో లేదో కనుక్కోమన్నారు.”

ఉన్నానని చెప్పబోయాడు ఆత్రేయ. అతను నోరు తెరిచేలోపే, ఖాళీ గదిలో, వెనక ఆగిపోయిన మిషన్ దగ్గర్నుంచి, అతని గొంతే తాపీగా జవాబు చెప్పింది.

“లేడు.”