నాలుగో దీవి చిమ్మట

"ఆ మ్యాపులోంచి నాలుగో దీవిని తీసేయండి," అంది ఆమె, పలకరింపులేమీ లేకుండా.

అతను తలెత్తాడు. మ్యూజియంలో కీటకాల విభాగానికి కొత్తగా వచ్చిన అమ్మాయి. చేతిలో సన్నటి పట్టకారు, నుదుటి మీదికి తోసుకున్న భూతద్దం. చేరి వారం కూడా కాలేదు.

అతను మ్యాపులు గీసేవాడు. నాలుగు దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని ఒక గోధుమరంగు చిమ్మట ఎక్కడెక్కడ తిరుగుతుందో చుక్కలు పెట్టి చూపించడమే కొన్నేళ్లుగా అతని పని. పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. ఇప్పుడొచ్చి ఒక దీవిని తీసేయమంటే, ఉడికిన కూరలోంచి ఉప్పు తీసేయమన్నట్టు అనిపించింది.

కారణం అడిగితే ఆమె తాపీగా చెప్పుకొచ్చింది. ఈ చిమ్మటలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. దువ్వెన పళ్లలాంటి మీసాలు, ముందు రెక్క మీద తెల్లటి వంకర గీత, వెనక రెక్క అంచున కుచ్చు. కానీ మగదాని పొట్ట చివర, ఆడదాన్ని పట్టుకోవడానికి కొక్కెంలాంటి భాగం ఒకటుంటుంది. మూడు దీవుల్లో ఆ కొక్కేనికి ఒకటే కొన. నాలుగో దీవి దానికి రెండు.

"అయితే?"

"పైకి కవలల్లా ఉన్నా జత కుదరదు. అది వేరే జాతి."

అతను దగ్గాడు. పక్క టేబుల్ దగ్గర గుమాస్తా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

ఆ దీవి నుంచి వచ్చింది ఒక్క మగ పురుగు, అదీ ఎప్పుడో ఎండిపోయింది, కొన విరిగి రెండుగా కనిపిస్తోందేమో అని అతను వాదించాడు. ఆ దీవికి ఎప్పుడైనా వెళ్లారా అని ఆమె అడిగింది. వెళ్లలేదు. మిగతా మూడింటికి? వాటికీ వెళ్లలేదు. చుక్కలన్నీ పాత పెట్టెల మీది చీటీలు చూసి పెట్టినవే. ఆమె భూతద్దం కళ్ల మీదికి దించుకుని ఆ చుక్కల్ని చూసింది. ఆ చూపే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

వీళ్ల పోరు పడలేక డైరెక్టర్, కొత్త పురుగుల్ని పట్టుకురమ్మని ఇద్దర్నీ ఆ దీవికే పంపాడు.

పడవలో అతను దారిపొడవునా అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. ఆమె నిమ్మచెక్క చేతిలో పెట్టి, "మీ మ్యాపులో సముద్రం నున్నగా ఉంటుంది కదూ," అంది.

దీవిలో ఆమె మేనత్త ఇంట్లో దిగారు. ఈ చిమ్మట పగలు ఎగిరే రకం. ఎండ ఉంటేనే బయటికొస్తుంది. వీళ్లు కాలు పెట్టగానే వాన పట్టుకుంది. మేనత్త టీ ఇస్తూ ఇస్తూనే అతని జీతం మొదలుకొని తోబుట్టువుల పెళ్లిళ్ల దాకా అన్నీ కూపీ లాగింది. వాళ్లిద్దరూ వరండాలో కూర్చుని కొక్కేల మీద వాదించుకున్నారు. వాన తగ్గలేదు. వాదనలు అయిపోయి మామూలు మాటల్లో పడ్డారు. తండ్రి బదిలీలతో ఏ ఊళ్లోనూ కుదురుగా పెరగలేదని, అందుకే మ్యాపులంటే పిచ్చి పట్టిందని అతను చెప్పాడు. కదలకుండా ఉండేవాటితో తప్ప మనుషులతో తనకు సరిగా కుదరదని ఆమె చెప్పింది.

ఎండ వచ్చిన పూట, కొండవాలు మీద తెల్లపూల పొదల చుట్టూ చిమ్మటలు లేచాయి. అతను వల విసిరి బురదలో బోర్లా పడ్డాడు. వల మాత్రం వదల్లేదు. ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది. అతను లేవడం మర్చిపోయాడు.

తిరిగొచ్చాక ఫలితం అడిగితే, ఇంకా తేలలేదంది. మళ్లీ అడిగినా అదే మాట. ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు అతనే మైక్రోస్కోపులోకి చూశాడు. రెండు కొనలు. తర్వాతి స్లైడులోనూ రెండే.

ఆమె వచ్చేసరికి అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"పుస్తకం ఆగిపోతే మీ పోస్టు ఉండదని డైరెక్టర్ అన్నారు."

"అంటే నా మీద జాలిపడ్డారా?"

"మీ మీద కాదు, నా మీదే. మీరు వెళ్లిపోతే ఇక్కడ నాతో పోట్లాడేదెవరు?"

అతను స్లైడు తీసి జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పని తెలిసిన మ్యాపు మీద పేరేసుకుని, మీ ఎదురుగా ఎలా కూర్చోను?" అని, నేరుగా డైరెక్టర్ గదిలోకి వెళ్లాడు.

పుస్తకం ఆగింది. డైరెక్టర్ అన్నంత పనీ అయింది. అతను రేవులో, పడవల దారులు గీసే ఆఫీసులో తాత్కాలికంగా చేరాడు. మొహం చెల్లక మ్యూజియం వైపు వెళ్లలేదు. వానలు వెనకబట్టాక ఆమే రేవుకు వచ్చింది. కొత్త జాతికి మ్యాపు కావాలని, ఈసారి నడిచి చూసి గీసే మనిషి కావాలని చెప్పింది. సెలవు రోజుల్లో ఇద్దరూ నాలుగో దీవి అంతా తిరిగారు. అతనికి పడవ ప్రయాణం అలవాటైంది. ఒకరోజు కొండ దిగుతూ పెళ్లి సంగతి అడిగాడు. తనకు ఇష్టమేనని, నాన్నతో మాట్లాడమని ఆమె అంది. పురుగు కొలతలు చెప్పే గొంతుతోనే చెప్పింది గానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆమె తండ్రి దర్జీ. మేనత్త ఇంటికి వచ్చి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"మ్యూజియం ఉద్యోగం ఎందుకు పోయింది బాబూ?"

"నేను తప్పు చేశానండీ. మీ అమ్మాయి పట్టుకుంది. పట్టుకుని కూడా పైకి చెప్పలేదు. నేనే వెళ్లి చెప్పుకున్నాను."

"ఇప్పటి ఉద్యోగం పర్మినెంటేనా?"

"ఇంకా కాలేదండీ."

మేనత్త ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కూతురి మొహం కేసి ఒకసారి, అతని కేసి ఒకసారి చూశాడు. తర్వాత జేబులోంచి టేపు తీశాడు.

"లేచి నిలబడు."

అతను నిలబడ్డాడు. ఆయన వెనక్కి వెళ్లి భుజం నుంచి భుజానికి టేపు పట్టాడు.

"ఊపిరి బిగబట్టకు బాబూ. పెళ్లి చొక్కా బిగుతుగా ఉంటే రోజంతా అవస్థపడతావు."