ఎడమ చేతి పోగు

సిరిసిల్లలో కోడి కూసినా ఎవరికీ వినబడదు. కరెంటు రాగానే వీధి వీధంతా సాంచాలు మొదలవుతాయి. మరమగ్గాలను అక్కడివాళ్లు సాంచాలంటారు. ఆ టకటకల మధ్య పక్కనున్న మనిషిని పిలవాలన్నా గొంతు చించుకోవాల్సిందే. పరశురాములుకు ఉన్నవి రెండే సాంచాలు గాని, ఇల్లు చిన్నది కావడంతో అవి పది సాంచాల మోత మోగేవి.

ఆ పొద్దున పరశురాములు తల్లి శంకరవ్వ వసారాలో గోడకు ఆనుకుని రాట్నం ముందు కూర్చుంది. దసరాకు ముందు పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కాలు కొంత కుదుటపడింది. చెయ్యి మాత్రం మాట వినడం లేదు. కుడి చేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి పోగు వదులుతూ నేతకు కావలసిన నూలు కండె చుట్టాలి. కొంచెం చుట్టగానే పోగు జారిపోతోంది. జారినప్పుడల్లా ముసలమ్మ కోడలి మీద విరుచుకుపడుతోంది.

"నీ చేతులు పడిపోను! నన్ను సంపుతున్నవ్ గదనే!"

కోడలు రాజవ్వ స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. "తిట్టత్తా, తిట్టు. తిట్టుకుంటనే మల్ల పోగు పట్టు" అంది.

సరిగ్గా అప్పుడే బాలలక్ష్మి గడపలో అడుగుపెట్టింది.

బాలలక్ష్మి పరశురాములు చెల్లెలు. జగిత్యాల సర్కారు దవాఖానలో నర్సు. భర్త దుబాయిలో ఉంటాడు. సెలవు దొరికిన ఆదివారమల్లా తల్లిని చూడటానికి వచ్చేది. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని నిన్న బంద్; బస్సులు తిరగలేదు. ఆమె ఇక రాదనే అనుకున్నారు ఇంట్లో. అనుకోని మనిషి సోమవారం మొదటి బస్సుకు దిగింది.

ఆమెకు ముందుగా కనబడింది తల్లి ఎడమ చెయ్యి. తర్వాత రాట్నం. పక్కనే అన్నం పళ్లెం, దాని చుట్టూ చిన్నపిల్ల తిన్నట్టు చిందరవందరగా మెతుకులు. ఆ తర్వాత, చేతులు కట్టుకుని వేడుక చూస్తున్న వదినె.

ఆ రాట్నమంటే బాలలక్ష్మికి ఒళ్లుమంట. తండ్రి పోయాక శంకరవ్వ వాళ్ల మగ్గాలకూ వీళ్ల మగ్గాలకూ కండెలు చుట్టి పిల్లలిద్దరినీ పెంచింది. పోగు రాసుకుని రాసుకుని ఆమె ఎడమ చూపుడువేలికి గాడి పడింది. నర్సు నౌకరీ వచ్చిన రోజున బాలలక్ష్మి ఆ వేలు పట్టుకుని ఏడ్చి, ఇక జన్మలో రాట్నం ముట్టనని తల్లితో ఒట్టు వేయించుకుంది.

"ఏంది వదినె గిది? పక్షవాతమొచ్చిన మనిషితోని కండెలు చుట్టిస్తున్నవా?"

"గట్ల కాదు బాలలక్ష్మీ..."

"ఎట్ల కాదు? నా కండ్లతోని చూస్తున్న గద! ఇంత ముద్ద పెట్టినందుకు పని చేయించుకుంటున్నరా? గా ముద్దన్న నోట్లె పెట్టే దిక్కు లేదు. పసిపిల్ల తిన్నట్టు కింద మీద పోసుకొని తిన్నది!"

రాజవ్వ ఏదో చెప్పబోయింది. ఆ 'ముద్ద' మాట చెవిన పడ్డాక నోరు మూసుకుంది.

గొడవ చూసి పరశురాములు సాంచాలు ఆపేసి పరుగున వచ్చాడు. ఆపకపోయినా బాగుండేది. చప్పుడు ఆగేసరికి చెల్లెలి గొంతు నాలుగిళ్ల అవతలికి వినబడింది.

"చెల్లె, జర నెమ్మది. మీ వదినె మంచికే..."

"నువ్వు మాట్లాడకన్నా. నీ సాంచాల మోతల అవ్వ ఏడుపు నీకేం ఇనస్తది? నేను తీస్కపోత. నా తల్లిని నేను సాదుకుంట."

ఆ మాటకు రాజవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, కింద పడనివ్వలేదు. "తీస్కపో. నర్సమ్మవు నువ్వు. నాకన్న నీకే ఎక్కువ ఎరుక. మంచిగ చూస్కో" అంది.

అందరూ శంకరవ్వ వైపు చూశారు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమెకు పండగలా ఉంది. కూతురు వచ్చి తన తరఫున కోడలిని కడిగేస్తుంటే ఏ అత్తకు చేదు? "పోదాం బిడ్డా. గీ కోడలు నన్ను కండెలల్లనే సంపుతది" అని చీర కొంగు సర్దుకుంది.

జగిత్యాలలో శంకరవ్వకు మహారాణి భోగం. బాలలక్ష్మి డ్యూటీకి పోయేముందు ఒళ్లు తుడిచి, పౌడరు వేసి, తల దువ్వేది. అన్నం మెత్తగా పిసికి ముద్దలు చేసి నోటికి అందించేది. కాలు కింద పెట్టనిచ్చేది కాదు. అన్నీ మంచం మీదే. ఆమె లేనప్పుడు పక్కింటి కొమురమ్మ వచ్చి కూర్చునేది. దాహమని శంకరవ్వ చెంబు వైపు చూస్తే చాలు, నీళ్లు పెదవుల దాకా వచ్చేవి.

చిత్రం ఏమిటంటే, దవాఖాన వార్డులో బాలలక్ష్మి పూర్తిగా వేరే మనిషి. అక్కడ ఆమెకు గయ్యాళి నర్సమ్మ అని పేరు. పడకలో ఉన్న ముసలివాళ్లకు ఇంటివాళ్లు అన్నం తినిపిస్తుంటే పళ్లెం లాక్కునేది. నడవగలిగినవాడిని మోసుకొస్తే మోసినవాడికి చీవాట్లు పెట్టేది. ఇంటికొచ్చి తల్లి ముఖం చూడగానే ఆ చదువంతా వార్డు గుమ్మం దగ్గరే ఉండిపోయేది.

మొదట్లో శంకరవ్వ వచ్చినవాళ్లందరికీ కూతురి గొప్పలు చెప్పింది. తర్వాత అడిగితేనే చెప్పింది. ఆ తర్వాత అడిగినా చెప్పడం మానేసింది. పగలంతా కప్పు కేసి చూస్తూ పడుకునేది. ఎడమ చెయ్యి మెల్లగా ముడుచుకుపోయి పిడికిలి అయింది. నెల తిరిగేసరికి ముద్ద నోట్లో పెడితే నమలడం కూడా మరిచిపోయినట్టు ఉండిపోయేది.

మళ్లీ పక్షవాతమేమోనని బాలలక్ష్మి హడలిపోయి డాక్టరును పిలిచింది. ఆయన అన్నీ చూసి, కొత్తగా ఏమీ లేదన్నాడు. "మనిషికి బతకాలని లేనట్టున్నదమ్మా. మీ వాళ్లను పిలిపించుకో" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. బాలలక్ష్మి ఆ రోజు వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తల్లి చేతుల్లోంచి జారిపోతోంది. ఇంతకంటే ఎక్కువ ఎలా చూసుకోవాలో ఆమెకు తెలియడం లేదు.

అన్నకు కబురు పెట్టింది. వచ్చింది మాత్రం రాజవ్వ. మగవాళ్లు బస్సెక్కితే సగం దారిలో దింపి ఠాణాకు తీసుకుపోతున్న రోజులవి. అందుకే ఆమె ఒక్కతే బయలుదేరింది. పొద్దున్నే చేరాల్సిన మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చింది, నెత్తిన గోనెసంచి మూటతో, చెమటలు కక్కుతూ.

"గింత ఆలస్యమాయె, ఏమైంది వదినె?"

"నడుమ దారిల పోలీసులు బస్సాపిండ్రు. మూట విప్పితే చక్రం, ఇనుప కదురు కనవడ్డయి. గిదేం మిషినే, ఎవలకు తీస్కపోతున్నవ్, అడవిల అన్నలకా అని ఒకటే అడుగుడు. రాట్నం సారూ అంటే నమ్మరు. ఇగ రోడ్డు మీదనే కూసొని బిగించి, తుపాకుల నడుమ ఒక కండె చుట్టి చూపెట్టిన. బస్సు బస్సంతా దిగి చూసిండ్రు!"

నవ్వబోయిన బాలలక్ష్మి ముఖం మూట వైపు చూడగానే మారిపోయింది. "రాట్నం తెచ్చినవా? అవ్వ గిట్ల పడి ఉంటే మల్ల కండెలకు కూసోబెడ్తవా? నీకు మనసున్నదా వదినె?"

రాజవ్వ మంచం దగ్గరికి వెళ్లి అత్త పిడికిలి చూసింది. ముఖం చూసింది. ఇంతకాలం మింగిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"నాకే మనసు లేదా? పోయినేడు మా నాయిన దేవయ్య మీ వార్డుల ఉండె. కిటికీ పక్క మంచం. నీకు యాదికున్నడా?"

బాలలక్ష్మికి ఆయన వార్డులో ఉన్నాడని గుర్తుంది గాని, అంతకు మించి లేదు. ఆమె చేతుల మీదుగా ఎందరో పోయారు.

"మేడిపల్లి నుంచి ఎడ్లబండి మీద తెచ్చిన. కుడి చెయ్యి పడిపోయింది. పాపం అనిపిచ్చి నేను ముద్దలు పెడుతుంటే నువ్వచ్చి పళ్లెం గుంజుకున్నవ్. వదినెనని గూడ చూడలే. అందరి ముందట, 'నువ్వు పెట్టుకుంట పోతె ఆ చెయ్యి ఎప్పుడు నేర్చుకుంటది? ప్రేమ ఉంటే చేతులు కట్టుకొని నిలబడు' అన్నవ్. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఇన్న. మా నాయిన ఆఖరి పూట దాక తన చేత్తోనే తిన్నడు. నేను చెయ్యని పుణ్యం నీ తిట్టు చేసింది."

బాలలక్ష్మి మంచం కోడు పట్టుకుంది.

"అత్తకు గట్లనే చేసిన. ఆమె చేతికి తెలిసిన పని కండెలే గద, గందుకే రాట్నం ముంగట పెట్టిన. పోగు జారి ఆమె కండ్లల్ల నీళ్లొస్తుంటే నాకు పానం ఆగలే. ఎక్కడ నా చేతులు వాటంతటవే పోయి పట్టుకుంటయో అని కట్టుకొని నిలబడేదాన్ని. నువ్వచ్చి పని చేయించుకుంటున్నవంటివి. ముద్ద పెట్టలేదంటివి. చెప్పిన నోరే తిడుతుంటే ఇగ నేనేం మాట్లాడుత? నాదే తప్పేమో అనుకున్న."

బాలలక్ష్మికి ఆ చేతులు గుర్తొచ్చాయి. వసారాలో, స్తంభం పక్కన, గట్టిగా కట్టుకున్న చేతులు. వేడుక అనుకుంది తను. ఊరందరి ముసలివాళ్ల విషయంలో తనకు తెలిసిన సంగతి, కన్నతల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ గాడి పడిన వేలే కళ్లకు అడ్డం పడి కనబడకుండా పోయింది. సేవ చేస్తున్నాననుకుంటూ ఆమెకు మిగిలిన ఒక్కొక్క పనినీ తనే లాగేసుకుంది.

"వదినె, నా అవ్వను నేనే గిట్ల చేసుకున్న" అంటూ ఆమె మంచం పక్కనే కూలబడింది.

రాజవ్వ ఆమె తలను తన పొట్టకు ఆనించుకుంది. "ఊకో. నీ ప్రేమ ఎక్కడ పోతది? లే, నీళ్లు కాగబెట్టు. గీ పిడికిలి ఎట్ల తెరవాల్నో నాకు తెల్వది. నీకే ఎరుక."

గోరువెచ్చని నీళ్లలో తల్లి చెయ్యి పెట్టి, బాలలక్ష్మి ఒక్కొక్క వేలునూ ఓపికగా, నొప్పి తెలియకుండా తెరిచింది. ఇద్దరూ కలిసి శంకరవ్వను లేపి కింద కూర్చోబెట్టారు. వీపుకు దిండు ఆనించారు. రాజవ్వ రాట్నం బిగించి ముందు పెట్టి, దారిలో రోడ్డు మీద చుట్టిన కండె తీసి చూపించింది.

"అత్తా, పోలీసోళ్ల ముందట చుట్టిన. వదులుగ వచ్చింది. జర చూడు."

శంకరవ్వ చాలాసేపు ఆ కండెను చూసింది. ఇన్ని రోజుల తర్వాత ఆమె నుదుటి మీద ముడి పడింది. ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన మనిషి అంత అధ్వానపు కండెను చూసి ఎలా ఊరుకుంటుంది? కుడి చెయ్యి దానంతటదే చక్రం మీదికి పోయింది. ఎడమ చెయ్యి వణుకుతూ లేచింది. పోగు జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. ముసలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాలలక్ష్మి చేతులు వాటంతటవే ముందుకు పోయాయి.

"కట్టుకో" అంది రాజవ్వ మెల్లగా.

బాలలక్ష్మి చేతులు కట్టుకుంది. అంత కష్టమైన పని తన నౌకరీలో ఎప్పుడూ చేయలేదు. గోళ్లు మోచేతుల్లో దిగబడ్డాయి.

పోగు మూడోసారి జారబోయి, వెళ్లి చూపుడువేలి మీద ఉన్న పాత గాడిలో పడింది. అక్కడ ఆగింది. ఏ గాడిని చూసి కూతురు ఏడ్చేదో, ఆ గాడే పోగును పట్టుకుంది. రాట్నం కిర్రుమని తిరిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. తర్వాత టప్పున తెగింది.

శంకరవ్వ తలెత్తి కూతురిని చూసింది. చాలా రోజులుగా మూతపడిన గొంతు బొంగురుగా లేచింది.

"నీ చేతులు పడిపోను! పోగు తెగితే గట్ల చేతులు కట్టుకొని నిలబడ్డవేందే?"

రాజవ్వ పకపకా నవ్వింది. "ఇగ భయం లేదు బాలలక్ష్మీ. తిట్టింది!" 

బాలలక్ష్మి ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు.

"తిట్టవ్వా, తిట్టు" అంది. "తిట్టుకుంటనే మల్ల పోగు పట్టు."