చేప నోట్లో జగ్గయ్య గొంతు

దీపాలు పెట్టాక చేప పార్కులో ఎవరూ ఉండేవారు కాదు. గేటు ఎనిమిదింటికి మూస్తారని బోర్డు మీద రాసే ఉండేది. అయినా ఏడు కొట్టేసరికి పిల్లల్ని చంకనేసుకుని, ఊగే ఉయ్యాలని ఊగుతుండగానే వదిలేసి, అందరూ రోడ్డెక్కేసేవారు.

దాని అసలు పేరు అది కాదు. ఎవరో పెద్దమనిషి పేరు ఉండేది — ఎంత తలుచుకున్నా ఇప్పుడు గుర్తు రావడం లేదు. పిల్లలకు మాత్రం అది చేప పార్కు. మధ్యలో సిమెంటుతో కట్టిన పెద్ద చేప, సముద్రం వైపు నోరు తెరుచుకుని ఉండేది. పిల్లలు ఆ నోట్లోంచి దూరి, పొట్టలో మెట్లెక్కి, తోక మీంచి జారి ఇసకలో పడేవారు. సాయంత్రమైతే పిడతకింద పప్పు వాసన, బుడగలమ్మేవాడి పీక, రేడియో గదిలోంచి వార్తలు. అంత సందడి చోటు చీకటి పడితే ఎందుకలా అయిపోయేదో మా మనవలకు చెబితే, "నానమ్మా, ఇది ఎవరైనా చెప్పారా, నువ్వే కల్పించావా?" అంటున్నారు.

కల్పించలేదు. తలలో ఉన్నది జారిపోకముందే రాసి పెడుతున్నాను, చదువుకోండి.

డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో... మా చిన్నవాడు అప్పుడు రెండో తరగతి, కాబట్టి తొమ్మిదే. ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. బీచ్ రోడ్డు కింద ఉన్న చేపల వాళ్ళ పేట నుంచి ఆ తెల్లవారుజామున వెళ్ళిన తెప్పలన్నీ ఎలాగో ఒడ్డు చేరాయి. ఒక్కటి మాత్రం ఖాళీగా కొట్టుకొచ్చింది. దాని మీద ఒంటరిగా వెళ్ళినవాడు జగ్గయ్య. శవం దొరకలేదు.

గాలివాన వెలిసిన పది రోజులకి, అమావాస్య రాత్రి, సిమెంటు చేప నోట్లోంచి ఆ గొంతు మొదటిసారి వినిపించింది.

"ఓ... ఓ... ఓయ్..."

ముందు విన్నవాడు బుడగలమ్మేవాడు. కర్రా బుడగలూ అక్కడే పారేసి పరిగెత్తాడు. పున్నమికి మళ్ళీ వినిపించింది. మళ్ళీ అమావాస్యకి. ఊరి వాళ్ళు దెయ్యం అన్నారు, ఊరుకున్నారు. పేటలో వాళ్ళు మాత్రం ఊరుకోలేకపోయారు. ఎందుకంటే, తెప్ప ఒడ్డుకొస్తుంటే లాగడానికి సాయం రమ్మని జగ్గయ్య అలల అవతలి నుంచి అచ్చం అలాగే కేకేసేవాడు. అతని తల్లి పోతమ్మ ఒక రాత్రి పార్కు గోడ పక్కన నిలబడి విన్నది. "నా కొడుకే... నా కొడుకే..." అంటూ అక్కడే కూలిపోయింది.

జగ్గయ్య పెళ్ళాం కాసులమ్మ మా ఇంటికి చేపలు తెచ్చేది. పాతికేళ్ళుంటాయేమో. ఐదేళ్ళ కూతురు. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం వచ్చి, తట్ట అరుగు మీద దింపి, చేపల మాటెత్తకుండా అడిగింది.

"అమ్మగోరూ, మీ ఇంట్లో టార్చిలైటుందేటి?"

"ఉంది. ఎందుకు?"

"రేపు పొద్దున నా గాజులు పగలగొట్టీత్తారంట. పెద్దోళ్ళు సెప్పీసారు. దెయ్యమై పిలుత్తన్నాడు గదా, ఇంకా బతికున్నాడంతావేటే అంతన్నారు."

"నువ్వేమన్నావు?"

"నానేటంతాను? ఆ దెయ్యాన్ని నానింకా సూడనేదు, సూసొచ్చి సెప్తాను అన్నాను."

కాసులమ్మ దూరంగా రేవు బయట లంగరేసిన ఓడల వైపు చెయ్యి చూపించింది.

"ఓడోళ్ళు ఎక్కించుకునుంటారు అమ్మగోరూ. ఓడెక్కినోడు ఏ దేశంలో దిగుతాడో ఏటో! సమచ్చరానికి రాడా? వచ్చీసరికి పెళ్ళాం బోసి సేతుల్తో కనిపిత్తే, 'ఓసినీ, నన్నప్పుడే సంపీసావేటే' అనడా?"

నవ్వుతూనే అంది. కళ్ళు నవ్వలేదు.

నేనూ వస్తానే, అనే మాట నోటిదాకా వచ్చింది. పైకి రాలేదు. దెయ్యాల్లేవని పుస్తకాలు చదివి నలుగురికీ చెప్పేదాన్ని... చీకట్లో ఆ గేటు దాటడానికి మాత్రం కాళ్ళు రాలేదు. టార్చిలైటులో కొత్త బ్యాటరీలు వేసి ఇచ్చాను. నేను చేసిన సాయం అంతే. ఇక్కడి నుంచి చెప్పేది ఆమె నోట విన్నది.

రాత్రి ఎనిమిదిన్నర. అమావాస్య. పార్కు గేటు దగ్గర కాపలాదారు తాతబాబు కంబళి కప్పుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఎవులది?"

"నానే బాబాయ్. జగ్గయ్య పెళ్ళాన్ని. గేటు తియ్యి."

"ఓలమ్మ! మతి పోయిందేటే నీకు? ఇయ్యాల అమాస!"

"అందుకే వచ్చాను. ఎన్నింటికొత్తాడు?"

తాతబాబు గొంతు తగ్గించాడు. "ఇయ్యాల తొమ్మిదికి రావాలి. నిన్న ఎనిమిదీ పావుకి అరిసాడు. మొన్న ఏడున్నరకి. రోజుకో ముప్పావుగంట ఆలీసం."

"మావోడు తాగొచ్చిన నాడు కూడా ఇంత ఆలీసం సెయ్యనేదు," అంది కాసులమ్మ.

అన్నది గానీ, ఆ ముప్పావుగంట మాట చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఎక్కడో విన్న లెక్కలా ఉంది... ఎక్కడో తోచలేదు. భయం తోచనివ్వలేదు.

"గేటు తీత్తాను. లోపలికి మాత్రం నాను రాను," అన్నాడు తాతబాబు. "నాకు నలుగురు పిల్లలున్నారు."

"నాకొకర్తుంది. అందుకే ఎల్తన్నాను."

గేటు కిర్రుమంది. వెనకాల మళ్ళీ మూసుకుంది.

లోపల లైట్లు లేవు. కాళ్ళ కింద ఇసక చల్లగా ఉంది. పక్కన ఏదో కదిలింది — టార్చి తిప్పింది. ఉయ్యాల. మనిషి లేడు... ఊగుతోంది. సముద్రపు గాలి కొంగుని లాగుతోంది. 'గాలికే,' అనుకుంది. మరి రెండో ఉయ్యాల ఎందుకు ఊగడం లేదు? టార్చి వేసింది. దానికి గొలుసు తెగి ఉంది.

నడిచింది. చేప నోరు కనిపించింది. సాయంత్రాలు పిల్లలు కేరింతలు కొట్టే నోరే. ఇప్పుడు వెలుగు వేసినా లోపలి నలుపు మారలేదు.

నోటికి ఎదురుగా కూర్చుంది. కూర్చుంటే వణుకు కనపడదని.

అప్పుడు...

"ఓ... ఓ... ఓయ్..."

అతనే. ఆ సాగదీతే. ఇన్నాళ్ళూ వినకుండా చెవులు మూసుకున్న గొంతు ఎదురుగా ఉంది. ఒక్క క్షణం — అది నాతో తానే చెప్పింది — లేచి ఆ నోట్లోకి వెళ్ళిపోదామనిపించిందట.

"మావా!" అంది గుసగుసగా. "నువ్వేనేటి?"

"ఓ..."

"నువ్వే అయితే, మన గుంటకి నువ్వెట్టిన ముద్దుపేరు సెప్పు."

"ఓ... ఓ..."

"అది కాదు. పేరు సెప్పు!"

"ఓ... ఓయ్..."

కోపం వచ్చింది. భయం ఉన్న చోటే, అంతే గట్టిగా. "మూన్నెల్లు నన్నేడిపించి, ఇప్పుడు పిల్ల పేరు మర్సిపోనావేటిరా?" అని అరిచింది. ఎన్ని తిట్లు వచ్చో అన్నీ తిట్టింది. తిట్టి తిట్టి ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

ఆ ఆగిన నిశ్శబ్దంలో వినపడింది. గోడ అవతల అల విరిగింది. ఆ వెంటనే, "ఓ..."

మళ్ళీ అల విరిగింది. మళ్ళీ "ఓ..."

అల రాకపోతే గొంతు రావడం లేదు.

కాసులమ్మ పాకుతూ చేప నోట్లోకి తల పెట్టింది. టార్చి వేసింది. వాన నీళ్ళు పోవడానికి పొట్ట అడుగున కట్టిన తూము. ఆమె చూస్తుండగానే మరో అల విరిగింది. తూములోంచి ఉప్పు గాలి బుస్సున ముఖానికి కొట్టింది. చెవి పక్కనే ఆ కేక.

తూము రెండో కొస గోడ కింద నుంచి సముద్రం వైపు ఉంది. ఇన్నేళ్ళూ ఇసకలో పూడిపోయి ఉండేది. జగ్గయ్యని మింగిన గాలివానే ఆ ఇసకనీ కోసుకుపోయింది. పెద్ద పోటు వచ్చినప్పుడు అల ఆ కొసలో దూరి గాలిని తోస్తోంది.

పోటు! రోజుకి ముప్పావుగంట వెనక్కి జరిగేది సముద్రం పోటే. పుట్టినప్పటి నుంచీ వింటున్న లెక్క. అమావాస్య అంటే లోకానికి దెయ్యాల రోజు. సముద్రం మీద బతికేవాళ్ళకి పెద్ద పోటు రోజు. భయంలో పేటంతా తమ లెక్క వదిలేసి, లోకం లెక్క పట్టుకుంది.

నడుముకి చుట్టుకున్న గుడ్డ చుట్టకుదురు, తట్ట కింద నెత్తిన పెట్టుకునేది, తీసి తూములో కుక్కింది. అల విరిగింది. గొంతు రాలేదు. తీసింది. "ఓ..." మళ్ళీ కుక్కింది. నిశ్శబ్దం.

అక్కడే కూర్చుని నవ్విందట. గేటు దగ్గర తాతబాబు ఆ నవ్వు విని, రెండో దెయ్యం పట్టిందనుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు.

పొద్దున పేటలో చాప పరిచి ఉంది. పసుపు, కుంకం, తెల్లచీర. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. పేట పెద్ద పోలిరాజు గొంతు సవరించుకున్నాడు. "రామ్మా, కూకో."

"తొమ్మిది దాటనీ పెద్దయ్యా. ముందు మీరందరూ నాతో పార్కుకి రండి. మీ జగ్గడు పగలు కూడా అరుత్తాడు, సూపిత్తాను."

పార్కు గేటు తీసేది సాయంత్రం నాలుగింటికి. పొద్దుట పోటు వేళ అక్కడ ఎవరుంటారు వినడానికి? తాతబాబు తాళం తీశాడు. పేట పేటంతా, చంటిపిల్లలతో సహా, ఎండలో ఆ చేప చుట్టూ నిలబడింది.

తొమ్మిదింపావు దాటింది. "ఓ... ఓ... ఓయ్..."

ముగ్గురు మగాళ్ళు వెనక్కి దూకారు. కాసులమ్మ చుట్టకుదురు కుక్కింది. కేక ఆగింది. తీసింది. అరిచింది. మూడోసారికి పిల్లలు పకపకా నవ్వారు. ఒక కుర్రాడు తూములో నోరు పెట్టి తనూ "ఓ..." అన్నాడు.

పోలిరాజు తలపాగా సర్దుకున్నాడు. "సరేనమ్మా. ఇది జగ్గడు కాదు. మరి జగ్గడేడి?"

"నన్నడుగుతారేటి? ఆడు సచ్చిపోనాడన్నోళ్ళు మీరు. ఎక్కడున్నాడో మీరే సూపించండి. సూపించిన నాడు నానే సేతులు సాపుతాను."

పోలిరాజు చాప చుట్టేయమన్నాడు. ఆ రోజు అందరిలోకీ ఏడ్చింది ఒక్క పోతమ్మ. కోడలి మీద కూడా అరిచింది. "నా కొడుకు గొంతైనా మిగిలిందనుకున్నానే... అది కూడా లాగీసుకున్నావే!"

కాసులమ్మ అత్తని పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్ళింది. టార్చిలైటు మర్నాడు నాకు తెచ్చిచ్చింది. వారం తిరక్కుండా తాపీవాళ్ళు వచ్చి ఆ తూముని సిమెంటుతో మూసేశారు. మళ్ళీ పిల్లలు ఎనిమిది దాకా ఆడుకున్నారు.

కథ ఇంతే అనుకున్నాను ఏళ్ళ తరబడి. జగ్గయ్య రాలేదు. కాసులమ్మ గాజులు తియ్యలేదు. ఎవరైనా ఏదైనా అంటే, "ఆడొచ్చి తియ్యమంటే తీత్తాను," అనేది.

ఎనభై ఆరులో మేం ద్వారకా నగర్‌కి ఇల్లు మారుతున్న రోజు చివరిసారి తట్ట దింపింది. నేను గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నాను. రెండు గిన్నెలు తనే అందించి, గొంతు తగ్గించింది.

"అమ్మగోరూ, మీకొకటి సెప్పనేదు. ఆ తూము మూసీసిన తరవాత..."

"ఆఁ?"

"అమాసా కాదు, పున్నమీ కాదు. అష్టమి. రాత్రి తొమ్మిది. వన్ టౌన్‌లో సేపలమ్మీసి వత్తన్నాను. సముద్రం లోపలికి ఎల్లిపోయుంది, ఒడ్డంతా ఖాళీ. పార్కు దాటుతన్నాను. అప్పుడు పిలిసింది."

"మళ్ళీ 'ఓ' అనా?"

"కాదు అమ్మగోరూ. నా పేరు."

నా చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. "చేప నోట్లోంచా?"

"నీల్ల కాడినుంచి."

"నువ్వేం చేశావు?"

"ఎనక్కి తిరగనేదు. 'బతికున్నోడివైతే ఇంటికి నడిసి రా. సచ్చినోడివైతే నోరు మూసుకో. ఎవుడు పిలిసినా నాను గాజులు తియ్యను' అన్నాను."

"ఆగిందా?"

"గొంతాగింది." తట్ట దగ్గరకి లాక్కుంది. "తడికాళ్ళ సప్పుడు... నా ఎనకాలే... ఇంటిదాకా వచ్చింది."

పట్టపగలు. వీధిలో సామాన్ల లారీ హారన్ కొడుతోంది. అయినా గుమ్మం వైపు ఒకసారి చూశాను.

"వెంటనే తలుపేసుకున్నావా?"

కాసులమ్మ తల ఎత్తి, తెలివితక్కువదాన్ని చూసినట్టు నన్ను చూసింది.

"తలుపెందుకేత్తాను? రమ్మన్నది నానే గదా! బార్లా తెరిసీసి తొంగున్నాను."