తొంభై రెండు సెకన్లు, ఒక గ్లాసు బొండం నీళ్లు

"తాటిపాక దగ్గర గ్యాస్ లైను పేల్చబోతున్నారు," అన్నాడు చీఫ్ ఆంజనేయప్రసాద్ ఫోన్‌లో. "వాల్వు పాస్‌వర్డు ఆన్‌లైన్ కార్ రేసులో దాచింది విదేశీ ముఠా. తొంభై రెండు సెకన్లలోపు ముందుగా ల్యాపు కొట్టినవాడి స్క్రీన్ మీదే కనబడుతుంది. వాళ్ల మనిషి రేవెన్ ట్రాక్ ఎక్కేశాడు."

"అక్కడ బడి ఉందండి," అన్నాడు ఏజెంట్ నాగసతీష్.

"ఖాళీ చేయించడానికి గంట కావాలి. వాడికి పది నిమిషాలు చాలు. అమలాపురంలో సిమ్ రేసింగ్ సెంటర్, అదే కంప్యూటర్ కారు పందేల కొట్టు, నడిపే విజయదుర్గ మన ఏజెంటే. వాళ్లకీ పనిచేస్తుంది, సగమే నమ్ము."

కొబ్బరి బ్రోకరు వేషంలో ఉన్న నాగసతీష్ మూడు నిమిషాల్లో అక్కడున్నాడు.

"కొబ్బరికాయల దింపు ఎప్పుడండీ?" అనడిగాడు.

"చెట్టు తడారితేనండి." కోడ్ సరిపోయింది. విజయదుర్గవి నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. అతణ్ని సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ స్టాండు మీద బొండం నీళ్ల గ్లాసు పెట్టింది. "వట్టి నోటితో కూర్చోబెడితే మా అమ్మ ఊరుకోదండి."

మొదటి ల్యాపు. తిన్నటి దారిలో స్పీడు అందుకోగానే స్టీరింగ్ ఎడాపెడా కొట్టుకుంది. కారు గోడకి తగిలింది. రేవెన్: 94 సెకన్లు.

స్టీరింగ్‌ని తిప్పే మోటారు ఫోర్స్ తగ్గించాడు. వణుకు తగ్గలేదు. కుదుపుని అణిచే డాంపర్ పెంచాడు. వణుకు తగ్గింది గానీ స్టీరింగ్ బండరాయిలా బిగిసింది. తనది 97. రేవెన్: 92.6.

ఇంకో ల్యాపు, మహా అయితే రెండు. చేతికొచ్చిందల్లా మార్చుకుంటూ పోతే నష్టమే. రాశిలో కుళ్లు వాసనొస్తే రాశంతా పారబోయకూడదు. ఒక్కో కాయా తీసి చూడాలి.

కారు ఆపాడు. గ్లాసులో నీళ్లు కదల్లేదు. స్టాండుని గట్టిగా ఊపాడు. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. కారు కదిలించాడు. వేగం నూట యాభై దాటగానే నీళ్ల మీద వలయాలు లేచాయి.

స్టాండు వదులు కాలేదు, మోటారు చెడలేదు. స్పీడుతో పుట్టే రోగం. ముందు చక్రాల్లో ఉంది.

సస్పెన్షన్ పేజీ తెరిచాడు. కేస్టర్ పదకొండు డిగ్రీలు! బుల్లెట్ బండి ముందు ఫోర్కు వెనక్కి వాలినట్టు, చక్రం పక్కకి తిరిగే ఇరుసు వాలే కోణమది. ఎక్కువ వాలితే స్టీరింగ్ మధ్యకి గట్టిగా లాగుతుంది. మోటారు ఆ లాగుడిని క్షణం ఆలస్యంగా అందుకుని, మధ్య దాటిపోయి, మళ్లీ వెనక్కి లాగుతుంది. అదే వణుకు.

"ఇది పదకొండు చేసిందెవరండీ?"

విజయదుర్గ పైకప్పు కెమెరా వైపు ఓరగా చూసింది. పెదవులు కదపకుండా అంది: "మా చెల్లి ఆ బళ్లోనే టీచరండి. ముందు ల్యాపు కొట్టండి. తర్వాత తిడుదురు గాని."

కేస్టర్ ఆరు. డాంపర్ తగ్గించాడు, ఫోర్స్ పాత చోటికి తెచ్చాడు. నీళ్లు నిలకడగా ఉన్నాయి.

ముందు రేవెన్ కారు దూసుకుపోతోంది. ఆఖరి మలుపు. ఆ కారు తిరగలేదు. నేరుగా వెళ్లి గోడని ముద్దాడింది. నాగసతీష్ గీత దాటాడు.

91.8.

స్క్రీన్ మీద పాస్‌వర్డు మెరిసింది, చీఫ్‌కి పంపాడు. నిమిషంలో చీఫ్ గొంతు: "వాల్వుకి తాళం పడింది. పిల్లలు ఇంకా లెక్కలే చేసుకుంటున్నారు."

నాగసతీష్ స్టీరింగ్ మీద తలాన్చాడు. విజయదుర్గ కెమెరా వైరు పీకేసింది.

"రేవెన్‌కేమైందండీ?"

"మీకు పదకొండు పెట్టమని ఆ ముఠావాళ్లే చెప్పేరండి, కెమెరాలో చూస్తూనే ఉన్నారు. అదే సెట్టింగుల ఫైలు అతనికీ పంపేను. వణుకు పోవాలని ఫోర్స్ మొత్తం సున్నా చేసేసుకున్నాడు. టైర్లు జారుతున్న సంగతి చేతికి తెలీలేదు."

"అంటే ఇద్దరికీ ఒకే సరుకు అంటగట్టేరన్నమాట!"

"ఆయ్." కళ్లద్దాలు తీసి నవ్వింది. "గ్లాసు మాత్రం మీకొక్కరికే ఇచ్చేనండి."