చెత్తలో పడ్డ నలభై ఒక్క మెయిళ్ళు

తెర మీద మెయిళ్ళు వచ్చి పడుతున్నాయి. లాటరీ తగిలిందని ఒకటి, బట్టతలకు తైలమని ఇంకొకటి. వచ్చింది వచ్చినట్టే ఎర్రబడి మాయమవుతోంది. రేవుపురం మున్సిపల్ హాల్లో జనం నోరెళ్ళబెట్టి చూస్తున్నారు.

యంత్రం పేరు జల్లెడ. తయారుచేసింది డాక్టర్ వరూధిని. కమిషనర్ ఆదినారాయణ గారి వేలికి ఒక ఉంగరం తొడిగింది. మెయిల్ చదివేటప్పుడు ఆయన నాడి ఎలా కొట్టుకుంటుందో ఉంగరం పసిగడుతుంది. ఆయనకు గిట్టనివేవో నెల రోజుల్లో నేర్చుకుని, ఆ తర్వాత అలాంటివి ఆయన కంటపడకుండానే చెత్తలో వేస్తుంది. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

వెనక వరసలో ఇడ్లీకొట్టు పైడితల్లి కళ్ళు చికిలించింది. ఎర్రబడ్డ వాటిలో తన పేరుంది. ఒక్కసారి కాదు, నలభై ఒక్కసార్లు. చింతలగడ్డ వీధి కుళాయిలో మురుగు కలుస్తోందని, తొమ్మిదిళ్ళలో పచ్చకామెర్లని, తన చెల్లెలు మంచం దిగడం లేదని రాసినవవి. జవాబు రాకపోతే, పెద్దాయనకు తీరిక లేదు కాబోలు అనుకుంది పిచ్చిది. ఇప్పుడు ఒళ్ళు మండిపోయింది.

సభ అయ్యాక వరూధినిని ఆపి, తన మాట చెత్తని ఎవరు చెప్పారని నిలదీసింది. ఆవిడ తలదించుకుంది.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఆయన వేలే చెప్పింది."

జల్లెడ దాటి ఆయన దాకా వెళ్ళినవేమిటో కూడా పైడితల్లి చూసే ఉంది. నాలుగంటే నాలుగు. నాలుగూ సన్మానాల పిలుపులే.

ముల్లును ముల్లుతోనే తియ్యాలి. ఆ సాయంత్రమే నలభై రెండో మెయిల్ కొట్టింది: కమిషనర్ గారికి చింతలగడ్డ వీధి ప్రజల ఘనసన్మానం. పది నిమిషాల్లో జవాబు, ఆదివారం తప్పక వస్తానని. కొట్టు పీకించేస్తాడే అని ఇరుగుపొరుగు భయపెట్టారు. పీకితే పీకనీ, నీళ్ళు బాగుపడితే చెట్టు కిందైనా ఇడ్లీ వేసుకుంటానంది.

ఆదివారం పందిరి వేశారు, దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడు పైడితల్లి వీధి కుళాయి తిప్పి, అందరి ఎదుటా గ్లాసు నింపింది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కంపు ముందు వరస దాకా కొట్టింది.

"మా ఈదికొచ్చినోల్ని నీల్లియ్యకుండా పంపం బాబూ. తాగండి."

ఆయన చెయ్యి చాపలేదు. ఆమె చెయ్యి దించలేదు. వీధంతా ఆ గ్లాసు వంకే చూస్తోంది. చివరికి ఆయనే చెమట తుడుచుకుని ఇంజనీరుకు ఫోన్ చేశాడు. నాలుగు రోజుల్లో కొత్త పైపు పడింది. నెల తిరిగేసరికి చెల్లెలు లేచి కొట్లో కూర్చుంది.

మూడు నెలలకు, ఫిర్యాదుల్లేని నగరమని ప్రభుత్వం రేవుపురానికి పెద్ద అవార్డు ప్రకటించింది. వేదిక మీద శాలువా ఉంది, జ్ఞాపిక ఉంది, కమిషనర్ గారి కుర్చీ మాత్రం ఖాళీ. ఆయనకు మూడుసార్లు పంపిన పిలుపు మూడుసార్లూ చెత్తలోకే పోయింది. ఆ ఆదివారం తర్వాత సన్మానమన్న మాట చదివినప్పుడల్లా ఆయన నాడి అదిరిపడేది మరి. ఉంగరం కొత్త పాఠం నేర్చుకుంది.

వరూధిని పరుగున ఇడ్లీకొట్టు దగ్గరికి వచ్చి, నా యంత్రాన్ని ఏం చేశావమ్మా అని అడిగింది.

పైడితల్లి ఆవిడ ముందు ఇడ్లీ ప్లేటు పెట్టి, పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టింది. అద్దంలా ఉన్నాయి నీళ్ళు.

"నానేటి సేసినాను తల్లీ. ఆయన ఏలే సెప్పింది."